బొమ్మ రాకపోతే ఫార్మాట్ కొట్టుడేనా

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి నాయిన ఫోన్ చేశాడు. మామూలుగా ఆ టైంకి ఆయన పడుకుంటాడు, అందుకని రింగ్ వినగానే గుండె జారింది. "ఒరేయ్, కంప్యూటర్ల బొమ్మ వస్తలేదు. రేపు పదకొండింటికి మీటింగున్నది. పైన పిల్లగాడొచ్చి చూసిండు, ఫార్మాట్ కొట్టేస్తే అయిపోతది అంకుల్ అంటున్నడు. కొట్టమందునా?" అన్నాడు ఒకే గుక్కలో. చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉంది, "వద్దు వద్దు, పెన్‌డ్రైవ్ పెట్టనియ్యకు" అని అరిచేశా, ఏమైందో ఏమో అని మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఆ రాత్రీ మర్నాడూ జరిగింది చెప్దామనే కూర్చున్నా, కానీ దాని వెనకాల ఒక కోపం ఉంది, అది కూడా చెప్పేస్తా. మన ఊళ్ళో ఫార్మాట్ అనేది రిపేరు పేరుతో చలామణి అయిపోతోంది. రిపేరు షాపులో కుర్రాడు అదే అంటాడు, అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చినోడూ అదే అంటాడు, ఆఫీసులో ఐటీ సపోర్ట్‌కి ఫోన్ చేస్తే రెండో వాక్యం అదే. ఏం పాడైందో చూడకుండానే మొత్తం తుడిచేసి, మళ్ళీ బొమ్మ వచ్చింది కాబట్టి బాగు చేశామని అనుకుంటాం.

మెహదీపట్నంలో మా పిన్ని లాప్‌టాప్ సంగతే తీసుకోండి. ఒకరోజు ఆన్ చేస్తే తెర నల్లగా ఉంది. ఒక షాపుకి ఇచ్చింది, వాళ్ళు ఫార్మాట్ కొట్టి, ఎనిమిది వందలు తీసుకుని, కొత్త పెళ్ళికూతుర్ని పంపినట్టు పంపించారు. మా చెల్లి పెళ్ళి ఫోటోలు అందులోనే ఉన్నాయి, వేరే ఎక్కడా లేవు. మూడు వారాలకి తెర మళ్ళీ నల్లబడింది. ఈసారి నా దగ్గరికి తెచ్చింది. వెనక మూత విప్పి, ర్యామ్ ముక్క పీకి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్ళు తుడిచి మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టా. అంతే, వచ్చేసింది. ర్యామ్ కాంటాక్ట్ సరిగ్గా లేనందుకు పెళ్ళి ఫోటోలు బలైపోయాయి. పిన్ని షాపుని ఒక్క మాట కూడా అనలేదు, "పాపం వాళ్ళేం చేస్తారు, వైరస్ అన్నారు" అంది. నాకు కోపం వచ్చేది అక్కడే, షాపు మీద కన్నా ఆ "పాపం" మీద.

డబ్బాలు డబ్బాలు

నాయిన గురించి కొంచెం చెప్పాలి. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు, నల్లకుంటలో ఉంటాడు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ట్రెజరర్. ఇరవై నాలుగు ఫ్లాట్ల మెయింటెనెన్స్ లెక్కలు, లిఫ్టు ఏఎంసీ, నీళ్ళ ట్యాంకర్ల బిల్లులు అన్నీ లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో రాసుకుంటాడు, తెలుగులో. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో పార్టులు కొని నేనే బిగించిన డెస్క్‌టాప్ అది, అందులో తెరకి బొమ్మ పంపే ఒక చిన్న ఎన్విడియా జీటీ 710 కార్డు, పైన విండోస్ బదులు ఉబుంటు 22.04, అంటే లినక్స్‌లో ఒక రకం. మెనూలు తెలుగులో పెట్టిచ్చా, స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంఘం వాళ్ళలాంటి వలంటీర్లు ఏళ్ళ తరబడి కూర్చుని అనువాదాలు చెయ్యబట్టి మా నాయినలాంటివాడు కంప్యూటర్ ముందు దర్జాగా కూర్చుంటున్నాడు.

ఆ సాయంత్రం 24.04 కి అప్‌గ్రేడ్ చెయ్యమని విండో వచ్చింది, ఆయన నొక్కేశాడు. ఎందుకు నొక్కావు అని అడగలేం, కరెంటు బిల్లు వచ్చిన రోజే కట్టే మనిషి. 22.04 కి 2027 దాకా సపోర్ట్ ఉంది, తొందరేం లేదు, కానీ ఆ విండోలో ఆ ముక్క అంత స్పష్టంగా ఎవడు రాస్తాడు. గంటన్నర నడిచి, చివర్లో ఏవో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ కాలేదని ఇంగ్లీషులో ఒక డబ్బా వచ్చిందట, క్లోజ్ కొట్టి రీస్టార్ట్ ఇచ్చాడు. తర్వాత కంపెనీ బొమ్మ వచ్చింది, తర్వాత నలుపు, ఎడమ పక్క మూలన ఒక గీత కొట్టుకుంటోంది.

"నాయినా, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి కొట్టు" అన్నా. కాసేపు ఊపిరి శబ్దం. "ఏదో రాత వచ్చిందిరా. లాగిన్ అంటున్నది." అప్పుడు నా ముద్ద నోట్లోకి వెళ్ళింది. లాగిన్ వచ్చిందంటే డిస్క్ బతికుంది, సిస్టం గుండెకాయ లాంటి కెర్నెల్ లేచింది, సర్వీసులు లేచాయి, చివర్లో బొమ్మ గీసే పెట్టె దగ్గర ఒక్కచోటే ఆగింది. ఈ ఒక్క కీ కాంబినేషన్ తెలిస్తే సగం భయం పోతుంది, కానీ ఇది ఏ షాపులోనూ ఎవరూ కొట్టగా నేను చూడలేదు.

యూజర్ నేమ్ కొట్టాడు. పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయాడు. "కొడుతున్న గానీ పడుతలేదు." పడదు నాయినా, కనపడదు అంతే, చుక్కలు కూడా రావు, కొట్టి ఎంటర్ నొక్కు. "కనపడకుంటే ఎట్ల తెలుస్తది తప్పో ఒప్పో?" న్యాయమైన ప్రశ్న. మూడోసారికి లోపలికి వెళ్ళాడు.

ఫైళ్ళు ఉన్నాయో లేవో చూసి ధైర్యం చెప్దామని, పేర్లన్నీ చూపించే ఎల్ఎస్ కమాండ్ కొట్టమన్నా. అది నా తెలివితక్కువ పని. అవతల నుంచి ఒక్క మాట లేదు, తర్వాత గొంతు మారిపోయింది. "ఒరేయ్, అన్నీ పోయినయిరా. పేర్లే లేవు, డబ్బాలు డబ్బాలు కనిపిస్తున్నయి." రెండు సెకన్లు నాకూ చెమటలు పట్టాయి. అప్పుడు వెలిగింది, ఆయన ఫోల్డర్ల పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి. లినక్స్ టెక్స్ట్ కన్సోల్‌లో ఫాంటు ఎత్తే ఆకారాలు 256, మహా అయితే 512. గుణింతాలూ వత్తులూ కలిపి గీసే తెలివి దానికి లేనేలేదు, ఒక్కో కోడుకి ఒక్కో ఆకారం పెట్టుకుంటూ పోతుంది, తెలియనిదానికి ఒక డబ్బా. ఫైళ్ళు క్షేమంగానే ఉన్నాయి, వాటి పేర్లు చదవడం కన్సోల్‌కి రావట్లేదంతే. నాయినకి నచ్చజెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఇది నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది. కంప్యూటర్ బాగున్నంతసేపు తెలుగులో మాట్లాడింది, జబ్బు పడగానే తెలుగు మర్చిపోయింది. మనిషి భయపడే టైంకే భాష మాయమవుతోంది. అలాంటప్పుడు లాగ్ (ఏం జరిగిందో సిస్టం రాసుకునే చిట్టా) చదవాలి, కారణం వెతకాలి అని నేను లెక్చర్లిస్తే ఎవరికి? పైన పిల్లగాడి ఫార్మాట్ కనీసం ఒక్క మాటలో అర్థమైపోయే మందు. ఈ సందేహానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, కింద ఒక సగం జవాబు ఉంది.

ముందుగాల కరెంటియ్యి

డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూపించే డీఎఫ్ కొట్టించా, డిస్క్ నిండలేదు. అప్‌గ్రేడ్ తర్వాత బొమ్మ రాకపోతే నేను మొదట చూసేది అదే, సిస్టం ఉండే రూట్ పార్టిషన్ నిండిపోయినా పాస్‌వర్డ్ తీసుకుని మళ్ళీ లాగిన్ తెరకే తిప్పి పంపిస్తుంది, జనం డ్రైవర్ల మీద పడి ఏడుస్తారు. తర్వాత ఆ లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్. దీన్ని ఫోన్లో ఒక్కో అక్షరం చెప్పించడం అంటే ఏంటో చేసినోడికే తెలుసు. జె, ఓ, యు, ఆర్... తర్వాత అడ్డగీత బి, తర్వాత నిలువు గీత. "నిలువు గీత ఏడున్నదిరా?" ఎంటర్ పైన, షిఫ్ట్ పట్టుకుని. తర్వాత కావాల్సిన లైన్లే ఏరిపెట్టే గ్రెప్, పెద్ద ఈ రెండుసార్లు. బొమ్మ గీసే ఎక్స్ సర్వర్ ఏడిస్తే ప్రతి ఏడుపు ముందూ బ్రాకెట్లో రెండు ఈలు పెడుతుంది, అంటే ఎర్రర్.

నాయిన చదివాడు, కరెంటు మీటర్ రీడింగ్ చదివినట్టు. "ఎన్విడియా, ఫెయిల్డ్ టు ఇనిషియలైజ్ ది ఎన్విడియా కెర్నెల్ మాడ్యూల్. కింద, నో స్క్రీన్స్ ఫౌండ్." ఆగి, "స్క్రీన్ లేదనుడేంది, నా ముంగట్నే ఉండె గదా!" అన్నాడు.

నాకు ఉత్సాహం వచ్చేసింది. కెర్నెల్‌కి అతికే డ్రైవర్ ముక్క, అదే మాడ్యూల్, ఎందుకు లేదు, ప్రతి కొత్త కెర్నెల్‌కీ దాన్ని మళ్ళీ కట్టే డీకేఎంఎస్ స్టేటస్ చూద్దాం, ఆ కట్టుబడి చిట్టా మేక్ లాగ్ తెరుద్దాం అని మొదలుపెట్టా. పదిన్నర దాటింది. అప్పుడు నాయిన నన్ను ఆపాడు. "నీ కారణం రేపు దేవులాడుకో. ముందుగాల కరెంటియ్యి."

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి విన్నదే. ఎండాకాలం గాలిదుమారానికి 11 కేవీ ఫీడర్, అంటే ఊళ్ళోకి కరెంటు తెచ్చే లైను, ట్రిప్ అయితే మొత్తం లైను వెంట టార్చి పట్టుకుని తిరుగుతూ కూర్చోరు. మధ్యలో లైనుని విడదీసే ఏబీ స్విచ్ ఓపెన్ చేసి, సగం లైను చార్జి చేసి చూస్తారు. నిలబడితే ఫాల్ట్ అవతల సగంలో ఉన్నట్టు. మంచి భాగానికి కరెంటిచ్చేసి, వీలైతే పక్క ఫీడర్ నుంచి తెచ్చి మిగతావాళ్ళకీ ఇచ్చి, అప్పుడు తీరిగ్గా పగిలిన ఇన్సులేటర్ ఎక్కడుందో వెతుక్కుంటారు. జనానికి కావాల్సింది ఫ్యాను తిరగడం, ఇన్సులేటర్ చరిత్ర కాదు.

నేను అప్పటిదాకా రెండే దారులు ఉన్నాయనుకున్నా, ఒకటి పైన పిల్లగాడి ఫార్మాట్, రెండోది నా పరిశోధన. రెండింటి మధ్యలో పక్క ఫీడర్ ఉంది. అప్‌గ్రేడ్ అయ్యాక కూడా పాత కెర్నెల్ మామూలుగా డిస్క్ మీదే ఉంటుంది, కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద. రీస్టార్ట్ కొట్టి షిఫ్ట్ పట్టుకో అని చెప్పా. మొదటిసారి ఆలస్యంగా పట్టుకున్నాడు, రెండోసారి ముందే వదిలేశాడు, మూడోసారికి మెనూ వచ్చింది. రెండో లైను, ఎంటర్, అందులో 5.15 అని ఉన్నది, ఎంటర్. నిమిషం నిశ్శబ్దం.

"వచ్చిందిరా. లెక్కలున్నయి. ఇగ పండుకుంట." ఫోన్ పెట్టేశాడు. పదకొండుంపావు.

పైన నేను చెప్పిన సగం జవాబు ఇదే. లాగ్ చదవడం అందరికీ నేర్పలేం, ఒప్పుకుంటా. కానీ "షిఫ్ట్ పట్టుకో, రెండో లైను, పాతది" అనేది ఫార్మాట్ అంత చిన్నగానే ఉంది, దానికన్నా తొందరగా అవుతుంది, ఒక్క ఫైలు కూడా ముట్టుకోదు. ఇది ఫార్మాట్ కన్నా ముందు ఎందుకు గుర్తురాదు మనకి?

దొంగ ఎవడంటే

ఆదివారం మీటింగ్ అయ్యాక వెళ్ళా. కొండాపూర్ నుంచి నల్లకుంట దాకా దారంతా ఉబుంటు వాళ్ళని తిట్టుకుంటూనే ఉన్నా, ఏళ్ళ తరబడి సపోర్ట్ ఇస్తామని ఎల్‌టీఎస్ అని పేరు పెట్టి ముసలాయన కంప్యూటర్ చెడగొడతారా అని.

కూర్చుని చూస్తే దొంగ దొరికాడు. నేనే.

2022లో ఏదో రాత్రి డ్రైవర్ తిక్కపెడితే ఉబుంటు ప్యాకేజీ పక్కన పడేసి, ఎన్విడియా సైటు నుంచి డాట్ రన్ అనే ఇన్‌స్టాలర్ ఫైలు దింపి నేరుగా ఎక్కించా, 470 సిరీస్‌ది. డీకేఎంఎస్‌లో రిజిస్టర్ చెయ్యాలా అంటే ఎస్ కొట్టా, ఉబుంటుతోనే వచ్చే నూవో డ్రైవర్ ఆపాలా అంటే ఎస్ కొట్టా, ఎక్స్ సర్వర్ సెట్టింగులుండే ఎక్స్ కాన్ఫ్ ఫైలు రాయాలా అంటే దానికీ ఎస్. కొత్త కెర్నెళ్ళతో తలనొప్పి వద్దని మెషీన్ని 5.15 లైన్ మీదే కట్టేశా. స్క్రీన్ షేరింగ్ కోసం, ఎక్స్ బదులు బొమ్మ గీసే వేలాండ్ కూడా నేనే ఆపా. ప్రతి చిన్న కెర్నెల్ అప్‌డేట్‌కీ డీకేఎంఎస్ పాపం ఆ మాడ్యూల్‌ని మళ్ళీ మళ్ళీ కట్టుకుంటూ వచ్చింది. 24.04 తో 6.8 కెర్నెల్ వచ్చింది, ఆ పాత సోర్సు దాని మీద కంపైల్ కాలేదు. మేక్ లాగ్‌లో వరసగా ఎర్రర్లు. నాయిన క్లోజ్ కొట్టిన ఇంగ్లీషు డబ్బా మొత్తుకున్నది ఇదే. ఎన్విడియా మాడ్యూల్ లేదు, నూవోని నేను నోరు కట్టేశా, ఎక్స్ కాన్ఫ్‌లో మాత్రం ఎన్విడియానే వాడు అని నా చేతులతో రాసుంది. నో స్క్రీన్స్ ఫౌండ్ అనక ఏం అంటుంది?

ప్యాకేజీగా ఎక్కించి ఉంటే ప్యాకేజీలు చూసుకునే ఏప్ట్‌కి తెలిసేది, అదే 470లో 6.8 కి సరిపడా సర్దిన వెర్షన్ తెచ్చి పెట్టేది. ఇది చెబుతుంటే నాయిన టీ కప్పు పక్కన పెట్టి నన్ను చూశాడు. "అంటే మీటర్ లేకుంట కొక్కెం తగిలిచ్చినవన్నట్టు. స్తంభం మార్చినంక కొక్కెం ఆడనే ఉండిపోయింది." ఇరవై ఏళ్ళు ఇళ్ళ మీద కొక్కేలు పీకించిన మనిషి, తన ఇంట్లో కొడుకు పెట్టిన కొక్కెం దొరికింది.

బాగు చెయ్యడానికి నలభై నిమిషాలు. ఎన్విడియా అన్‌ఇన్‌స్టాల్ నడిపా, ఎక్స్ కాన్ఫ్ ఫైలు పేరు మార్చి పక్కన పెట్టా, మోడ్‌ప్రోబ్ ఫోల్డర్లో నూవోని ఆపే ముక్క తీసేశా, సగంలో ఆగిన ప్యాకేజీల కోసం డీపీకేజీ కాన్ఫిగర్, తర్వాత బూట్ ఫైలు మళ్ళీ కట్టే అప్‌డేట్ ఇనిట్ర్యామ్ఎఫ్ఎస్, రీబూట్. 6.8 మీద బొమ్మ వచ్చింది, నూవోతోనే. మళ్ళీ 470 ప్యాకేజీ ఎక్కిద్దామా అనుకుని ఆగా, ఆయన చేసేది లెక్కలూ యూట్యూబూ, దానికి నూవో చాలు. నిజానికి 2022లో కూడా చాలు.

ఇక్కడే నా వాదన. ఆ రాత్రి పైన పిల్లగాడు ఫార్మాట్ కొట్టేసి ఉంటే ఏమయ్యేది? బొమ్మ వచ్చేది. నేను మళ్ళీ వెళ్ళి నా అలవాటు ప్రకారం డాట్ రన్ ఫైలే ఎక్కించేవాణ్ణి. ఉబుంటు అప్‌గ్రేడ్ చేస్తే చెడిపోద్ది అని పదిమందికి చెప్పేవాణ్ణి, నిజమనే నమ్మి. రెండేళ్ళకి మళ్ళీ ఇదే రాత్రి. ఫైళ్ళు పోవడం ఒక నష్టమే, బ్యాకప్ ఉంటే అది కూడా లేదు. కానీ ఫార్మాట్‌తో సాక్ష్యం మొత్తం తుడుచుకుపోతుంది, తప్పు చేసినోడు నిర్దోషిగా బయటికొస్తాడు, ఈసారి ఆ అదృష్టవంతుణ్ణి నేనే అయ్యేవాణ్ణి.

మరి ఆఫీసులో ఏం చేస్తున్నా

నా మిత్రుడొకడు, మా టీమే, ఇది విని పగలబడి నవ్వాడు. "పొద్దున లేస్తే నువ్వు చేసేది అదే కదరా" అన్నాడు. నిజం. ఆఫీసులో ఒక సర్వర్ తిక్కగా ఉంటే మేం లాగిన్ అయి లాగ్ చదువుతూ కూర్చోం, దాన్ని చంపేసి ఇంకోటి లేపుతాం, రెండు నిమిషాల పని. అది ఫార్మాట్ కాదా?

దీని మీద రెండు రోజులు ఆలోచించా. తేడా ఉందనే ఇప్పటికీ అనుకుంటున్నా. ఆ సర్వర్లో ఏమేం ఉండాలో ప్రతి ముక్కా గిట్‌లో, అంటే మార్పుల చరిత్రతో సహా దాచే చోట, రాసి ఉంది, లాగులు వేరేచోట దాస్తాం, చంపినా సాక్ష్యం పోదు. నాయిన డెస్క్‌టాప్‌లో ఏమేం ఉందో ఎక్కడ రాసుంది? ప్రింటర్ కోసం 2022లో ఏం చేశానో నాకే గుర్తులేదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, పింఛను సైటు పాస్‌వర్డులు, పెద్దగా కనపడాలని మార్చిన ఫాంటు సైజు, అవన్నీ ఆ డిస్క్ మీద తప్ప ప్రపంచంలో ఎక్కడా లేవు. కొత్తగా ఎక్కించడం అరగంటే, కానీ ఆయన మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నట్టు ఫీలవ్వడానికి నెల పడుతుంది, ఆ నెలంతా నాకు ఫోన్లు.

అట్లాగని ఎప్పుడూ వద్దని కాదు. మన ఫైళ్ళుండే హోం ఫోల్డరు వేరే పార్టిషన్లో ఉండి, బ్యాకప్ తీసి ఉండి, అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయి సిస్టం సగం పాతది సగం కొత్తది అయిపోయి, డీపీకేజీ కూడా చేతులెత్తేస్తే నేను కూడా కొట్టేస్తా, ఏడవను. తెర ముందు ఐదు గంటలు కూర్చునే ఓపిక లేనివాళ్ళని తప్పు పట్టను కూడా. అయితే కొట్టే ముందు డిస్క్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ సిస్టంతో లేపి ఫైళ్ళు కాపీ చెయ్యండి, వీలైతే ఆ ఎర్రర్ లైన్లు ఫోన్‌తో ఒక ఫోటో తియ్యండి. కొత్త యూజర్ ఒకణ్ణి సృష్టించి లాగిన్ అయి చూడండి, వాడికి బొమ్మ వస్తే తప్పు సిస్టంలో లేదు, మీ హోంలో ఏదో సెట్టింగులో ఉంది, సగం లైను క్లియర్ అయినట్టు. పిన్ని లాప్‌టాప్ రిపేరుకి తీసుకున్న షాపులో ఇవేవీ అవసరం లేదు, మూత విప్పితే సరిపోయేది. అది కూడా చెయ్యలేదు.

పైన పిల్లగాడి మీద నాకేం కోపం లేదు. రాత్రి పూట పిలవగానే మెట్లు దిగొచ్చాడు, నాయిన కోసం పెన్‌డ్రైవ్ తెచ్చాడు, నేను కొండాపూర్‌లో ఉన్నా, వాడు అక్కడ ఉన్నాడు. వాడికి కాలేజీలో ఎవరూ ఎఫ్3 చెప్పలేదు, అంతే.

మొన్న గురువారం నాయిన మళ్ళీ ఫోన్. ఈసారి పొద్దున్నే, గొంతులో హుషారు. "పైన పిల్లగాని లాప్‌టాప్‌ల బొమ్మ పోయిందట. ఫార్మాట్ కొట్టకు, ఆగు అన్న. ఎఫ్3 కొట్టిపిచ్చిన, ఏం రాలే. ఆయనది విండోస్ అంట. దాంట్ల ఏం కొట్టాలెరా?"

విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి, నాలుగూ కలిపి ఒకసారి కొట్టి చూడమను, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ లేస్తుంది అన్నా.

"నాలుగా? ఆగు, రాసుకుంటున్న."